పొయ్యి మీద వేడి చేసే ఇత్తడి దువ్వెన: గోదావరి తేమలో జుట్టు సాపు చేసుకునే పద్ధతి

ఉంగరాల జుట్టును తాత్కాలికంగా సాపు చేసుకోవడానికి వాడే వేడి దువ్వెనలు రెండు రకాలుగా దొరుకుతున్నాయి. కరెంటుతో పనిచేసే మంచి రకాల్లో వేడిని ఒక హద్దులో ఉంచే ఏర్పాటు లోపలే ఉంటుంది. రెండో రకం కేవలం లోహపు దువ్వెన. చెక్క పిడి తప్ప మరే ఏర్పాటూ లేని ఆ దువ్వెనను పొయ్యి మీద పెట్టి వేడి చేసుకోవాలి. ఈ మార్గదర్శి ఆ రెండో రకాన్ని ఇంట్లో వాడదలచిన వారి కోసం. వేడిని అదుపు చేసే కరెంటు దువ్వెనను కొనుక్కోగలిగిన వారు దానినే ఎంచుకోవడం మేలని ముందే చెబుతున్నాను. పొయ్యి దువ్వెనే చేతిలో ఉన్నవారు మాత్రం ఇక్కడ చెప్పిన వరుసను ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా పాటించాలి.

పొయ్యి దువ్వెనతో ఉన్న అసలు చిక్కు దాని వేడి కంటికి కనబడకపోవడం. ఇత్తడి 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎలా ఉంటుందో, 400 డిగ్రీల దగ్గర కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది. లోహం మసక ఎరుపుగా కనబడటం మొదలయ్యేది 500 డిగ్రీలు దాటిన తరువాతే. కాబట్టి చూసి వేడిని అంచనా వేయడం ఎంత అనుభవం ఉన్నవారికైనా సాధ్యం కాదు. దీనికి తోడు మన డెల్టాలో మరొక ప్రమాదం ఉంది. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కాలువలు, వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న నేల ఇది. ఇక్కడి గాలిలో తేమకు పొద్దున సాపు చేసుకున్న జుట్టు సాయంత్రానికి మళ్లీ ఉబ్బుతుంది. అది చూసి వేడి చాలలేదని భావించి, తరువాతిసారి దువ్వెనను మరింత కాల్చేవారున్నారు. ఎంత వేడి పెట్టినా గాలిలోని తేమ ముందు ఆ సాపు నిలవదు, అదనపు వేడి వల్ల పెరిగేది జుట్టుకు జరిగే నష్టం మాత్రమే. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నిటికీ ఈ విషయమే మూలం.

వేడి జుట్టులో చేసే పని

జుట్టు కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. కెరాటిన్ గొలుసులను పట్టి ఉంచే బంధాలలో హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. నీరు తగిలినా, వేడి తగిలినా అవి విడిపోతాయి, ఆరినప్పుడు లేదా చల్లారినప్పుడు ఆ క్షణంలో జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కలుస్తాయి. వేడి దువ్వెన పాయను లాగి పట్టి సాపుగా ఉంచిన స్థితిలో ఈ బంధాలను విడదీస్తుంది, పాయ అలాగే చల్లారితే సాపు నిలుస్తుంది. గాలిలోని తేమ వెంట్రుకలోకి చేరగానే అవే బంధాలు మళ్లీ విడిపోయి పుట్టుకతో వచ్చిన ఉంగరం తిరిగి వస్తుంది. ఉంగరానికి అసలు కారణమైన వెంట్రుక నిర్మాణాన్ని గానీ, గంధకంతో ఏర్పడే గట్టి బంధాలను గానీ దువ్వెన శాశ్వతంగా మార్చదు. మార్చేంత వేడి పెడితే ముందుగా పాడయ్యేది వెంట్రుకే.

ఉంగరాలు మోస్తరుగా ఉండి, రంగు, రసాయనాలు తగలని జుట్టుకు 150 నుంచి 180 డిగ్రీల మధ్య వేడి సరిపోతుంది. సన్నని జుట్టుకు అంతకంటే తక్కువ చాలు. 200 డిగ్రీలు దాటిన కొద్దీ కెరాటిన్ చెడిపోవడం వేగం అందుకుంటుంది. ఇక తడి జుట్టు సంగతి మరీ దారుణం. వెంట్రుక లోపల ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోయే దారి లేక లోపలే బుడగలు ఏర్పడతాయి. ఆ బుడగలున్న చోట వెంట్రుక పెళుసుబారి తెగిపోతుంది. దానిని తిరిగి బాగుచేసే నూనె గానీ, మందు గానీ ఏదీ లేదు.

ఈ దువ్వెన చరిత్ర నుంచి మనకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. వేడి చేసిన లోహపు దువ్వెనలు 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో వాడుకలో ఉన్నా, అవి ఇంటింటికీ చేరింది అమెరికాలోని నల్లజాతి స్త్రీల మధ్య. ఆనీ మలోన్, మేడమ్ సీ జే వాకర్ వంటి వ్యాపారవేత్తల కృషి ఇందుకు చాలా తోడ్పడింది. ఈ దువ్వెనను వాకరే కనిపెట్టారని తరచూ చెబుతారు గానీ అది నిజం కాదు, ఆమె దానిని జుట్టు సంరక్షణ పద్ధతిలో భాగంగా ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరు. అంటే ఈ పనిముట్టు, దానితో చెప్పే విధానాలు బాగా దగ్గర చుట్టలుగా ఉండే జుట్టును దృష్టిలో పెట్టుకుని రూపొందాయి. మనలో ఎక్కువమందిది నొక్కులు, వదులైన ఉంగరాలు ఉండే జుట్టు. దానికి అంత ఒత్తిడీ, అన్నిసార్లు దువ్వడమూ అవసరం లేదు. విదేశీ వీడియోలలో చూసిన విధానాన్ని ఉన్నదున్నట్టు అనుసరించకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

దువ్వెనను ఎంచుకోవడం

ఇత్తడి గానీ, రాగి గానీ మేలు. పెరవలి మండలంలోని అజ్జరం వంటి ఊళ్ల ఇత్తడి సామానుతో వంట చేసిన వారికి ఈ లోహం ఎంత త్వరగా, ఎంత సమంగా వేడెక్కుతుందో తెలుసు. ఇత్తడి స్టెయిన్‌లెస్ స్టీలు కంటే సుమారు ఏడు రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. స్టీలు దువ్వెనలో ఒక మూల మాడేంత వేడిగా, మరొక మూల చల్లగా ఉండే అవకాశం ఎక్కువ. మంటకు తగిలిన చోటును మనం పరీక్షించకుండా వదిలేస్తే, సరిగ్గా ఆ చోటే జుట్టుకు తగలవచ్చు.

పళ్ల వెనుక ఉండే మందపాటి వెన్ను నున్నగా, గరుకు లేకుండా ఉండాలి, ఎందుకంటే జుట్టును సాపు చేసే పని నిజానికి ఆ వెన్నే చేస్తుంది, పళ్లు పాయను విడదీసి పట్టుకోవడానికి మాత్రమే. చెక్క పిడి పొడవుగా, కదలకుండా ఉండాలి. పిడి దగ్గర మేకు వదులై దువ్వెన కొద్దిగా తిరుగుతున్నా దానిని వాడకూడదు. ప్లాస్టిక్ పిడి ఉన్న దువ్వెనను పొయ్యి దగ్గరికే తీసుకురాకూడదు. కొత్త దువ్వెన మీద మెరుపు కోసం పూసిన పూత గానీ, యంత్రపు నూనె గానీ ఉండవచ్చు కనుక, సబ్బుతో కడిగి ఆరబెట్టి, కిటికీలు తెరిచి, జుట్టుకు తాకించకుండా రెండు మూడుసార్లు వేడి చేసి చల్లార్చి, వాసనా పొగా పూర్తిగా ఆగిపోయిన తరువాతే వాడుకలోకి తేవాలి.

ఎవరు దీని జోలికి వెళ్లకూడదు

తల మీద పుండ్లు, గీతలు, చుండ్రు ముదిరి ఎర్రబడిన చోట్లు ఉన్నవారు, పార్లర్‌లో రసాయనాలతో స్ట్రెయిటెనింగ్, స్మూథెనింగ్ చేయించుకున్నవారు, జుట్టు రంగు తీయించి వేరే రంగు వేయించుకున్నవారు ఈ పద్ధతికి దూరంగా ఉండాలి. వేళ్ల మధ్య పట్టి కొద్దిగా లాగితే తెగిపోతున్న జుట్టు కూడా ఈ వేడికి ఆగదు. చిన్నపిల్లలకు ఇది వద్దే వద్దు. దువ్వెన చెవి పక్కగా వచ్చిన క్షణంలో తల తిప్పకుండా కూర్చోవడం పిల్లలకు సాధ్యం కాని పని. పండగకో, పెళ్లికో పాపకు జుట్టు సాపుగా కావాలని పట్టుబట్టే పెద్దలకు, ముందు రోజు రాత్రి తడి ఆరిన జుట్టుకు బిగువైన జడ వేసి ఉంచమని చెప్పండి, పొద్దుటికి ఉబ్బు చాలావరకు అణుగుతుంది.

జుట్టును సిద్ధం చేయడం

కొబ్బరినూనె మన వారి దైనందిన అలవాటు. సాపు చేసే రోజున మాత్రం తలలో నూనె ఉండకూడదు. శుద్ధి చేయని కొబ్బరినూనె దాదాపు 175 డిగ్రీల దగ్గరే పొగలు కక్కడం మొదలుపెడుతుంది. అంటే జుట్టుకు సరైన వేడిలోనే తలమీద నూనె కాగుతున్నట్టవుతుంది, కరిగి జారిన నూనె మాడును కాలుస్తుంది. ముందు రోజే కుంకుడుకాయ రసంతో గానీ, షాంపూతో గానీ నూనె జిడ్డు పూర్తిగా పోయేలా తలస్నానం చేయాలి. కుంకుడు పిప్పి తునకలు జుట్టులో మిగలకుండా కడగడం ముఖ్యం, అవి వేడికి మాడి వెంట్రుకలకు అంటుకుంటాయి. తీరప్రాంతంలో ఉప్పు బోరు నీటితో స్నానం చేసే ఊళ్లలో చివరి రెండు చెంబులైనా మంచినీళ్లతో పోసుకుంటే జుట్టు గరుకుదనం తగ్గుతుంది.

జుట్టు పూర్తిగా ఆరడం అన్నిటికంటే ముఖ్యం. శ్రావణ, భాద్రపద మాసాల్లో ఒత్తైన జుట్టు పైపైన ఆరినట్టు కనబడినా మెడ వెనుక, చెవుల వెనుక లోపలి పొరల్లో గంటల తరబడి చెమ్మ ఉండిపోతుంది. దానిని కనిపెట్టే మార్గం సులువే. మెడ దగ్గరి లోపలి పాయను తీసి చెంపకు ఆనించి చూడండి. ఆరిన జుట్టు చెంపకు ఏమీ తెలియనివ్వదు, చెమ్మ ఉన్నది చల్లగా తగులుతుంది. చల్లదనం తెలిసిన రోజున ఫ్యాను కింద మరో గంట ఆరబెట్టాలి, లేదా హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో వాడాలి. సాంబ్రాణి పొగ వేసుకునే అలవాటున్నవారు కూడా ఈ పరీక్ష మానకూడదు.

వేడి నుంచి కాపాడే సీరమ్ వాడదలిస్తే, బఠాణీ గింజంత అరచేతిలో రుద్ది కొసల నుంచి మధ్య దాకా మాత్రమే పూసి, అది పూర్తిగా ఇంకేదాకా ఆగాలి. హెయిర్ స్ప్రే, సెంటు, ఆల్కహాల్ కలిసిన ఏ ద్రవాన్నీ ఆ రోజు జుట్టుకు గానీ, దుస్తులకు గానీ తగలనీయకూడదు. వాటి ఆవిరికి మంట ఇట్టే అంటుకుంటుంది.

వంటగదిని సిద్ధం చేయడం

పని మొదలుపెట్టే ముందు పొయ్యి మీద వంట ఏదీ ఉండకూడదు. నూనె బాండీ, అగ్గిపెట్టె, పేపర్లు, వేలాడే గుడ్డలు చేతికందే మేరలో లేకుండా తీసేయాలి. కిటికీ తెరిచి ఉంచాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వేసుకోవచ్చు. సీలింగ్ ఫ్యాను మాత్రం కట్టేయాలి. సిమ్‌లో ఉన్న సన్నని మంటను ఫ్యాను గాలి ఆర్పేస్తే, బర్నర్ నుంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది కనుక నేల మీదే పరుచుకుంటుంది. గ్యాస్ వాసన తగిలితే ఏ స్విచ్చినీ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయాలి. చిన్న సిలిండర్ పొయ్యిని అద్దం ఉందన్న సౌకర్యం కోసం పడకగదిలోకి తీసుకువెళ్లే ఆలోచన మానుకోవాలి. అద్దాన్నే వంటగదికి తెచ్చుకోండి.

మంట నీలంగా ఉండాలి. పసుపు మంట వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయని అర్థం. ఆ మంట దువ్వెన మీద మసి పూస్తుంది, ఆ మసి అంతా జుట్టుకు అంటుతుంది. బర్నర్‌ను శుభ్రం చేసిన తరువాతే పని మొదలుపెట్టాలి.

దుస్తుల విషయంలో కచ్చితంగా ఉండాలి. నైలాను, పాలియెస్టర్ నైటీలు, వేలాడే పైట, చున్నీ పనికిరావు. చేతులకు అంటిపెట్టుకుని ఉండే నూలు దుస్తులు వేసుకుని, పైటను బొడ్లో దోపుకోవాలి. కూర్చునే వారి భుజాల చుట్టూ మందపాటి నూలు తుండు కప్పి, కుర్చీని పొయ్యికి కనీసం ఒక మీటరు దూరంలో, వీపు పొయ్యి వైపు లేకుండా వేయాలి. పొయ్యికీ కుర్చీకీ మధ్య దారిలో ఎవరూ నడవకూడదు. పిల్లలను, పెంపుడు జంతువులను వేరే గదిలో ఉంచాలి. పక్కనే ఒక స్టీలు పళ్లెం, పొడి మసిగుడ్డ, కొన్ని తెల్ల కాగితాలు, ఒక బక్కెట్ నీళ్లు సిద్ధంగా పెట్టుకోవాలి.

ఒంటరిగా తన జుట్టు తానే సాపు చేసుకునేవారు మెడ వెనుక భాగాన్ని వదిలేయడం మంచిది. కనబడని చోట వేడి లోహాన్ని నడిపించడంలో ఉన్న అపాయానికి ఆ కొద్ది అందం విలువ చేయదు.

దువ్వెనను వేడి చేయడం

దువ్వెనను నేరుగా మంట మీద పెట్టే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. నేను పెనం పద్ధతినే సూచిస్తాను. గ్యాస్ మంటలో వేడి దాదాపు 1,900 డిగ్రీల దాకా ఉండగలదు. పలుచని ఇత్తడి పళ్లు ఆ మంటలో కొన్ని సెకన్లలోనే హద్దు దాటిపోతాయి. పెనం మీద పెట్టిన దువ్వెన పెనం కంటే ఎక్కువ వేడెక్కలేదు. అంటే పెనాన్ని అదుపులో ఉంచితే దువ్వెన అదుపులో ఉన్నట్టే. ఇందుకోసం మందపాటి ఇనుప పెనం ఒకటి విడిగా ఉంచుకోండి. అట్లు పోసే పెనం నూనె పట్టి ఉంటుంది, పైగా జుట్టుకు తాకిన దువ్వెనను వంట పెనం మీద పెట్టడం శుభ్రతకు విరుద్ధం. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా కాల్చితే దాని పూత నుంచి హానికరమైన పొగ రావచ్చు కాబట్టి అది వద్దు. ఇత్తడి దువ్వెన ఇండక్షన్ స్టవ్ మీద నేరుగా వేడెక్కదు.

పొడి పెనాన్ని చిన్న బర్నర్ మీద పెట్టి సిమ్‌లో కొద్ది నిమిషాలు ఉంచండి. తరువాత చేతివేళ్లతో రెండు చుక్కల నీళ్లు పెనం మీద చల్లండి. అట్టు పోసే ముందు ప్రతి ఇంట్లో చేసే పనే ఇది, ఇక్కడ దానిని మరింత శ్రద్ధగా చూడాలి. నీటి చుక్క చుయ్యిమని పరుచుకుని చప్పున ఆవిరైతే పెనం వాడదగిన స్థితిలో ఉందని భావించవచ్చు. చుక్క ఆవిరి కాకుండా ముత్యంలా గుండ్రబడి పెనం మీద అటూఇటూ దొర్లిపోతే, పెనం సుమారు 200 డిగ్రీలకు చేరిందని, లేదా దాటిందని అర్థం. అప్పుడు మంట ఆర్పేసి, కాసేపు చల్లారనిచ్చి మళ్లీ చూడాలి. పెనం సరైన స్థితికి వచ్చాక దాని మీద తడి పూర్తిగా పోయిందని చూసుకున్న తరువాతే దువ్వెనను పెట్టాలి.

దువ్వెన వెన్ను పెనానికి ఆనేలా, పళ్లు పైకి ఉండేలా పెట్టండి. పిడి పెనం అంచు దాటి, మంట సెగ తగలనంత బయటికి రావాలి, పక్క బర్నర్ వైపు కాకుండా మీ వైపు కొద్దిగా పక్కకు తిరిగి ఉండాలి. అయితే దారిన పోయేవారి చేయి తగిలేలా పొయ్యి అంచు మీదుగా వేలాడకూడదు. ఒక నిమిషం తరువాత పొడి మసిగుడ్డతో పిడి పట్టి తీసి చూడాలి. ఈ నిమిషం లెక్క కేవలం మొదలుపెట్టడానికే. పెనం మందం, మంట, దువ్వెన బరువు ఇంటింటికీ మారతాయి కనుక గడియారాన్ని నమ్ముకోకూడదు. పనికి అనుమతి ఇవ్వవలసింది తరువాత చెప్పే కాగితం పరీక్ష ఒక్కటే.

పెనం లేక నేరుగా మంట మీదే వేడి చేయవలసి వస్తే, చిన్న బర్నర్‌ను వీలైనంత సిమ్‌లో పెట్టి, దువ్వెన వెన్ను కిందికి, పళ్లు పైకి ఉండేలా మంట చివరకు కొంచెం పైన కొన్ని సెకన్లు మాత్రమే ఉంచి తీయాలి. తీసిన తరువాత అర నిమిషం ఆగితే వేడి దువ్వెన అంతటా సమానంగా సర్దుకుంటుంది. పొయ్యి మీద దువ్వెన ఉండగా ఫోను ఎత్తడం, తలుపు తీయడానికి వెళ్లడం వంటివి ఏవీ చేయకూడదు. వెళ్లక తప్పకపోతే ముందు మంట ఆర్పాలి.

కాగితం పరీక్ష

అచ్చు లేని పలుచని తెల్ల కాగితాన్ని, లేదా టిష్యూ పేపర్‌ను స్టీలు పళ్లెం మీద పరిచి, పొయ్యికి దూరంగా పెట్టండి. పాత తెల్ల నూలు పంచె ముక్క కూడా పనికివస్తుంది, అందులో పాలియెస్టర్ కలవకుండా చూసుకోవాలి, లేకపోతే అది కరిగి ఇత్తడికి అతుక్కుంటుంది. దువ్వెన వెన్నును కాగితానికి ఆనించి నెమ్మదిగా ఐదు అంకెలు లెక్కపెట్టి తీయండి. తరువాత పళ్ల కొసలను కాగితం మీద మరొక చోట అలాగే ఆనించండి. వెన్ను సరిపోయినా పళ్లు మాడేంత వేడిగా ఉండవచ్చు, అందుకే రెండు పరీక్షలూ కావాలి.

కాగితం తెల్లగానే ఉంటే దువ్వెన జుట్టుకు తగినట్టే. లేత పసుపు గీత కనిపిస్తే దువ్వెనను గాలిలో పట్టుకుని అర నిమిషం ఆగి, కాగితం మీద కొత్త చోట మళ్లీ చూడాలి. గోధుమ రంగు గీత పడినా, మాడు వాసన వచ్చినా దువ్వెనను స్టీలు పళ్లెంలో పెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేసి, మొదటి నుంచి పరీక్షించాలి. ఆ రంగు వచ్చిన దువ్వెనను ఒక్క పాయ మీద పెట్టినా అక్కడి వెంట్రుకలు పోయినట్టే. దువ్వెనను మళ్లీ వేడి చేసిన ప్రతిసారీ కొత్త కాగితంతో ఈ పరీక్ష చేయాలి. మొదటిసారి సరిపోయింది కదా అని రెండోసారి మానేసినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి, ఎందుకంటే అప్పటికి పెనం మొదటిసారికంటే ఎక్కువ వేడెక్కి ఉంటుంది.

దువ్వెన మీదే నీళ్లు చల్లి చూడకండి. చుయ్యిమనడం 100 డిగ్రీలు దాటిందని మాత్రమే చెబుతుంది, పైగా తడి దువ్వెన నుంచి లేచే ఆవిరి మాడును కాలుస్తుంది. చెంప దగ్గర పెట్టి సెగ చూడటం కూడా ప్రమాదకరం. వంటగదిలో వాడే తుపాకీ లాంటి థర్మామీటరును నమ్మవద్దు. మెరిసే ఇత్తడి మీద అది అసలు వేడికంటే చాలా తక్కువ చూపిస్తుంది.

పాయ పాయగా సాపు చేయడం

పాపిడి తీసి జుట్టును నాలుగు భాగాలు చేసి, మూడింటిని క్లిప్పులతో ఎత్తి కట్టి, మెడ దగ్గరి భాగంతో మొదలుపెట్టండి. క్లిప్పులు వేడికి కరిగే ప్లాస్టిక్‌వి అయితే దువ్వెన దారికి దూరంగా పెట్టాలి. ప్రతి పాయా రెండు వేళ్ల వెడల్పు మించకుండా, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుతురు కనబడేంత పలుచగా ఉండాలి. మందపాటి పాయ పై పొర మాడిపోయినా లోపలి పొర వంకరగానే మిగిలిపోతుంది.

ముందుగా మామూలు దువ్వెనతో చిక్కు తీయాలి. వేడి దువ్వెన పళ్లను మాడుకు కనీసం ఒక అంగుళం దూరంలో పాయలోకి దించి, మణికట్టును కొద్దిగా తిప్పి వెన్ను జుట్టుకు ఆనేలా చేసి, రెండో చేత్తో కొస పట్టి మెల్లగా లాగుతూ కొసదాకా ఆగకుండా తీసుకుపోవాలి. మధ్యలో ఎక్కడా నిలపకూడదు, చిక్కు తగిలితే దువ్వెనను అక్కడే పట్టి లాగకుండా వెంటనే బయటికి తీయాలి. వేర్లదాకా సాపు కావాలన్న కోరికే మాడు కాలడానికి ఎక్కువగా కారణం. ఆ అంగుళం జుట్టును జడలో, పూలలో ఎవరూ గమనించరు.

ఒక పాయ మీదుగా ఒకసారి నడిపిస్తే చాలు, మరీ అవసరమైతే రెండోసారి. మూడోసారి వద్దు. సాపైన పాయను చల్లారేదాకా చేత్తో ముడవకుండా, చెవి వెనక్కి తోయకుండా వదిలేయండి, చల్లారేటప్పుడే ఆకారం నిలుస్తుందని పైన చెప్పుకున్నాం. దువ్వెన పట్టు తగ్గిందనిపించగానే పెనం మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి, ఆ తరువాతే జుట్టుకు.

చెవులు, నుదురు, మెడ వెనుక చర్మం త్వరగా కాలే చోట్లు. జుట్టుకు క్షేమమైన 150 డిగ్రీల వేడి కూడా చర్మానికి ఒక్క క్షణం తగిలితే చాలు బొబ్బ లేస్తుంది. చెవి దగ్గర పనిచేసేటప్పుడు మడత పెట్టిన నూలు గుడ్డతో చెవిని కప్పి, కూర్చున్నవారే దానిని పట్టుకోవాలి. దువ్వెన చేతిలో ఉన్నవారు ప్రతిసారీ దగ్గరికి వచ్చే ముందు నోటితో చెప్పడం అలవాటు చేసుకోవాలి. "వదినా, వేడి వస్తోందండీ, కదలకండి" అన్న ఒక్క మాట తల తిప్పబోయేవారిని ఆపుతుంది.

పొగ కనబడినా, వెంట్రుకలు మాడిన వాసన వచ్చినా అక్కడితో ఆపేయాలి. కొద్దిగా ఆవిరి కనబడిందంటే జుట్టు ఇంకా ఆరలేదన్నమాట. ఆ రోజుకు పని మానుకోవడమే ఉత్తమం.

కాలితే ఏం చేయాలి

కాలిన వెంటనే ఆ చోటును కొళాయి కింద, మామూలు చల్లదనం ఉన్న నీటి ధారలో 20 నిమిషాలు ఉంచాలి. చెవికి, నుదుటికి అయితే చెంబుతో నీళ్లు పోస్తూ ఉండాలి. ఐసు పెట్టకూడదు, అది చర్మానికి మరింత హాని చేస్తుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, చెవి కమ్మలు తీసేయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న, తేనె వంటివేవీ పూయకూడదు, అవి వేడిని లోపలే ఉంచుతాయి, కొన్ని చీముకు దారి తీస్తాయి. బొబ్బలను చిదపకూడదు. శుభ్రమైన పలుచని గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించాలి. కంటి దగ్గర కాలినా, కాలినది అరచేతికంటే పెద్దదైనా, చర్మం తెల్లగా లేదా నల్లగా మారినా 108కు ఫోన్ చేయడానికి సందేహించవద్దు.

దుస్తులకు మంట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి, పక్కనున్నవారు మందపాటి నూలు దుప్పటి గానీ రగ్గు గానీ కప్పి మంట ఆర్పి, తరువాత నీళ్లు పోయాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగకూడదు.

పని అయ్యాక

మంట ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, దువ్వెనను స్టీలు పళ్లెంలో పెట్టి అరగంట ఎవరూ ముట్టుకోకుండా చూడాలి. చల్లారడానికి నీళ్లలో ముంచితే వేడి నీళ్లు చిమ్ముతాయి, పిడి దగ్గర బిగింపు వదులవుతుంది. పూర్తిగా చల్లారాక పళ్ల మధ్య అంటుకున్న నల్లని పొరను తీయాలి. ఆ పొర ఉంటే వేడి సమంగా తగలదు, మరుసటిసారి కాగితం పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది. వంట సోడా కలిపిన వేడి నీళ్లలో లోహపు భాగాన్ని మాత్రం ఒక గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే అది వదులుతుంది. ఇత్తడి మెరుపు కోసం చింతపండు వాడవచ్చు గానీ పులుసు మిగలకుండా కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. మన గాలిలో తడిగా వదిలేసిన ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది.

సాపు కాసేపైనా నిలవాలంటే వేడి పెంచే బదులు వేళను ఎంచుకోవాలి. పొద్దుటి మంచూ, రాత్రి చెమ్మా ఉన్న వేళల కంటే మధ్యాహ్నం గాలిలో తేమ తక్కువగా ఉంటుంది కనుక ఆ వేళలో పని పూర్తి చేసుకోవాలి. సంక్రాంతి రోజుల్లో ఇది బాగా సాగుతుంది. వానాకాలంలోనూ, తుఫాను ముసురులోనూ అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది. అప్పుడు ఆ జుట్టును ఉంగరాలతోనే దువ్వి, వదులు జడ వేసుకోవచ్చు. బయటికి వెళ్లేటప్పుడు తలకు పట్టు గుడ్డ గానీ, నున్నని నూలు గుడ్డ గానీ కట్టుకుంటే తేమ కొంత ఆగుతుంది. కొన్నాళ్లకు ఒకసారి, ఏదో ఒక వేడుక కోసం తప్ప వేడి దువ్వెనను వాడకూడదన్నది నా అభిప్రాయం. కొసలు చీలుతున్నా, దువ్వినప్పుడు పొట్టి ముక్కలుగా వెంట్రుకలు రాలుతున్నా, అప్పటి నుంచి కనీసం కొన్ని నెలలు ఆ దువ్వెనను పిల్లలకు అందని అలమారలో పెట్టేసి, చీలిన కొసలను కత్తిరించి, కొత్త జుట్టు పెరిగేదాకా ఆగండి.